బామ్మ కనబడుటలేదు

"బామ్మ పోయిందే" అని ఫోన్లో అక్క ఏడుస్తుంటే పిన్ని చేతిలోని టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఉన్న ఒక్కగానొక్క బామ్మ పోయి పదిహేనేళ్ళు దాటింది. పోయిన మనిషి మళ్ళీ ఎలా పోతుందో ఎంత బుర్ర గోక్కున్నా అర్థం కాలేదు. అక్క ఇంకాసేపు ముక్కు చీదాక అసలు సంగతి బయటపడింది. పోయినది మనిషి కాదు, వయొలిన్.

అక్క ఏటా వేసవి సెలవుల్లో నెల్లాళ్ళపాటు పిల్లల క్యాంపు నడుపుతుంది. సంగీతం నేర్చుకునేవాళ్ళూ, బొమ్మలు వేసేవాళ్ళూ, కుండలు చేసేవాళ్ళూ అక్కడే తిని, అక్కడే పడుకుని, గోడలు అదిరేలా సాధన చేసి వెళుతుంటారు. అక్కను వాళ్ళంతా పెద్దమ్మ అంటారు. అంచేత ఆవిడ చెల్లెలు ఎవరి అనుమతీ లేకుండా పిన్ని అయిపోయింది. బయట మాత్రం ఆమె లైసెన్సున్న డిటెక్టివ్. తప్పిపోయిన కుక్కల్నీ, తప్పించుకున్న భర్తల్నీ వెతికిపెడుతుంది. దొరికినందుకు సంతోషించేది కుక్కలేనని ఆమె అనుభవం.

ఇక బామ్మ సంగతి. అది నూటయాభై ఏళ్ళ నాటి వయొలిన్. ఒక పెద్దావిడ ఏటా దాన్ని క్యాంపుకి అరువిస్తుంది. ఆ ఏటి పిల్లల్లో బాగా వాయించేవాళ్ళ చేతికి అది నెల్లాళ్ళు దక్కుతుంది. ఈసారి దక్కింది పిచ్చుక అనే అమ్మాయికి. పద్నాలుగేళ్ళ పిల్ల, చూడ్డానికి పదకొండేళ్ళలా ఉంటుంది. పిట్ట కొంచెం, కూత ఘనం అంటూ మొదటి రోజే పిల్లలు పెట్టిన పేరది. ఈ సాయంత్రం ముగింపు కచేరిలో ఆ పిల్ల ఒక్కతే వేదికెక్కి బామ్మను వాయించాలి. పెద్దావిడ కూడా వయొలిన్లు తయారుచేసే ఒక నిపుణుణ్ణి వెంటబెట్టుకుని వస్తోంది. తీరా పొద్దున సాధనకని పెట్టె తెరిస్తే లోపల కమాను ఉంది, తుడుచుకునే గుడ్డ ఉంది, బామ్మ లేదు.

పిన్ని వచ్చేసరికి అక్క ఆఫీసు గదిలో ఒకాయన తీర్పు కూడా చెప్పేసి కూర్చున్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ పరిశోధకుడు. ఏటా కచేరికి ముందురోజు వచ్చి వయొలిన్ క్షేమంగా ఉందో లేదో చూసి, ఒక పూట ఉండి వెళతాడు. ఆయన ప్యాంటు మడతలు కత్తి అంచుల్లా ఉంటాయి. నిన్న రాత్రి భోజనాల దగ్గర చూడగానే పిల్లలు ఆయనకు ఇస్త్రీ అని పేరు పెట్టేశారు. పిన్నికీ ఆయనకూ పాత తగాదా ఉంది. ఒక నగల కేసులో ఆయన దొంగగా తేల్చేసిన పనిమనిషిని పిన్ని నిర్దోషిగా బయటికి తెచ్చింది. అప్పట్నుంచీ ఆయన ఆమెను పలకరించినా మొహం పక్కకు తిప్పే పలకరిస్తాడు.

"కేసు అయిపోయింది మేడమ్. మీరు టీ తాగి వెళ్ళొచ్చు" అన్నాడు, కిటికీతో మాట్లాడుతున్నట్టు.

"టీ తాగే వచ్చానండీ. దొంగ ఎవరో చెబితే విని వెళతాను."

ఇస్త్రీ వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చాడు. బామ్మను పిచ్చుక తప్ప ఎవరూ ముట్టుకోకూడదని క్యాంపు నియమం. నిన్న సాయంత్రం తను పరీక్షించాక తుడిచి, పెట్టెలో పెట్టింది పిచ్చుకే. పొద్దున పెట్టె తెరిచిందీ పిచ్చుకే. మధ్యలో ఇంకెవరూ లేరు. వాళ్ళ నాన్న ఎక్కడో బస్సులు బాగుచేసే మెకానిక్కు. ఆయనకు కబురు వెళ్ళింది, మధ్యాహ్నానికల్లా వస్తాడు. పిల్ల తప్పు ఒప్పుకుంటే సరే, నలుగురికీ తెలియకుండా ఇంటికి పంపేయొచ్చు. ఒప్పుకోకపోతే పోలీసులు ఉండనే ఉన్నారు.

"మరి వయొలిన్ ఏదీ?" అంది పిన్ని.

"అది ఆ పిల్లే చెప్పాలి."

"అంటే వస్తువు దొరకలేదు కానీ దొంగ దొరికింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నాడట మీలాంటి ఆయనే ఒకడు."

ఇస్త్రీ కోపం కనబడనివ్వలేదు. పిల్లలందరి పెట్టెలూ, మంచాలూ, మేష్టర్ల గదులూ తనే దగ్గరుండి వెతికించానన్నాడు. ఒక్కరినీ గేటు దాటనివ్వలేదట. ఎవరూ అడక్కుండానే తన సూట్‌కేసు కూడా అందరి ముందూ తెరిచి చూపించాడట. పిన్ని తలూపింది. అడక్కుండా పెట్టె తెరిచి చూపించే మనుషుల మీద ఆమెకు మొదట్నుంచీ ఒక చిన్న అనుమానం. అయినా ఆ మాట పైకి అనలేదు. నిన్న వయొలిన్‌ని ఎంతసేపు చూశారని మాత్రం అడిగింది.

అరగంట చూశానన్నాడు ఆయన. పాపం, అక్క కళ్ళు తుడుచుకుంటూనే ఒక నిజం బయటపెట్టింది. "ఎప్పుడూ మీరు పెట్టె మూత కూడా తియ్యరు కదండీ. టీ తాగి సంతకం పెట్టి వెళ్ళిపోతారు."

"ఈ ఏడు బాగా చూడమని పెద్దావిడ ఫోన్ చేశారు, చూశాను. అదీ తప్పేనా?" అన్నాడు ఇస్త్రీ. మొదటిసారి కిటికీని వదిలి మనుషుల వైపు తిరిగాడు.

పిచ్చుకను సాధన గదిలో కూర్చోబెట్టారు. పియానో బల్ల మీద, చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చుంది. ఎడమ దవడ కింద ఎర్రటి మచ్చ, రోజూ గంటలకొద్దీ వయొలిన్ ఆన్చుకునేవాళ్ళందరికీ ఉండేదే. కళ్ళు కూడా ఆ మచ్చ రంగులోనే ఉన్నాయి. పిన్ని వెళ్ళి పక్కన కూర్చుని, ఏడ్చావా అని అడిగింది.

"లేదండీ. ట్యూబా ఊదాను. గట్టిగా ఊదితే కళ్ళిలాగే అవుతాయి."

పిన్నికి నవ్వొచ్చింది, కానీ ఆపుకుంది. ట్యూబా కథేమిటో అడిగితే పిల్ల నెమ్మదిగా చెప్పింది. చివరి రోజు పొద్దున్నే తారుమారు కచేరి జరగడం ఈ క్యాంపు ఆనవాయితీ. ఎవరి వాయిద్యం వాళ్ళు పక్కన పెట్టి, ఇంకొకరిది పట్టుకుని, అందరూ పచ్చికలోకి వచ్చి ఒక్కసారిగా వాయించాలి. మేష్టర్లూ, వంటవాళ్ళూ ఎవరైనా సరే. ఎంత ఘోరంగా వాయిస్తే అంత గొప్ప. పిచ్చుకకు తనకంటే పెద్దదైన ఇత్తడి బాకా, ఆ ట్యూబా, వచ్చింది. అందులోంచి గేదె అరిచినట్టు ఒక్క కూత తెప్పించేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గోలలో భవనం కూలిపోయినా ఎవరికీ వినబడేది కాదు. బామ్మను మాత్రం ఆ ఆటలోకి తేకూడదు. అందుకే పెట్టె వాయిద్యాల గదిలోనే ఉండిపోయింది. ఆట అయ్యాక తెరిస్తే ఖాళీ.

"ఆ గదికి తాళం వేస్తారా?"

"వెయ్యరండీ. అందరం వెళుతూ వస్తూ ఉంటాం."

పిన్ని లెక్క వేసుకుంది. తారుమారు జరిగిన గంటసేపూ క్యాంపు మొత్తం పచ్చికలో ఉంది. పోయింది అప్పుడే అయ్యుండాలి. వయొలిన్ గేటు దాటలేదు, గదుల్లో లేదు. ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా అని అడిగితే పిల్ల వేళ్ళు నలుపుకుంది.

"చెబితే నవ్వరు కదా పిన్నీ?"

"నవ్వితే ఆ ట్యూబా నాకిచ్చి ఊదించు."

పిచ్చుక నవ్వకుండానే చెప్పింది. పోయినేడు బామ్మను వాయించిన అమ్మాయి దాని గురించి ఎన్నో కబుర్లు చెప్పిందట. దవడ కింద ఆన్చుకుంటే పాత ట్రంకుపెట్టె తెరిచినట్టు వాసన వస్తుందని, ఆ వాసనకే తనకు సగం భయం పోయేదని. ఈ ఏడు పిచ్చుక ఎంత వాసన చూసినా ట్రంకుపెట్టె వాసన రాలేదు. ఎండలో కూర్చుని వాయిస్తే కొత్త కుర్చీల వాసన వచ్చింది. పాలిష్ పెట్టించారేమో అనుకుని ఊరుకుంది. నిన్న సాయంత్రం ఇస్త్రీ గారితో ఆ మాట అంటే ఆయన నవ్వలేదు. వయొలిన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడట.

పిన్ని ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "సాయంత్రం ఏం వాయించాలో అది సాధన చేసుకో. మామూలు వయొలిన్ ఏదో ఒకటి తీసుకో" అంది. తన మాటలో అంత నమ్మకం ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు. అబద్ధమైతే మధ్యాహ్నానికి ఈ పిల్ల మొహం ఎలా చూడాలా అని భయం వేసింది కూడా.

వాయిద్యాల గదిలో చూడ్డానికేమీ లేదు. వెనక తలుపు తీస్తే మాత్రం ఎదురుగానే కుండల షెడ్డు. అక్కడ చిన్న గొడవ జరుగుతోంది. తొమ్మిదేళ్ళ పిల్లలు ఇద్దరు కుండల మాస్టారి చొక్కా పట్టుకుని నిలదీస్తున్నారు. మాస్టారు మహా మెతక మనిషి, గడ్డంలో ఎప్పుడూ కాస్త మట్టి ఉంటుంది. ఆయన తమ కప్పులు బట్టీలో పెట్టడం మర్చిపోయాడన్నది పిల్లల ఫిర్యాదు. నిన్న వాళ్ళ ముందే బట్టీ సర్ది మూశానని, ఒక్కటి కూడా బయట వదల్లేదని ఆయన మొత్తుకుంటున్నాడు. కిటికీ గట్టు మీద చూస్తే కాల్చని పచ్చి పాత్రలు ఒక అరకు సరిపడా వరసగా ఉన్నాయి. గిన్నెలు, ఒక తాబేలు, అయిదు కప్పులు. అయిదింటిలో మూడు కప్పులకు పిడుల్లేవు.

పిన్ని నడుం వంచి బల్ల కింద చూసింది. మూడు పిడులూ అక్కడే ఉన్నాయి, కాలితో లోపలికి తోసినట్టు. ఇవెవరు విరగ్గొట్టారని పిల్లల్ని అడిగింది. వాళ్ళిద్దరూ ఆమె వైపు జాలిగా చూశారు.

"మేమైతే విరగ్గొట్టం పిన్నీ" అంది వాళ్ళలో పొడుగుది. "పచ్చి కప్పు పిడి పట్టుకుని ఎత్తకూడదని మాకు తెలుసు."

మాస్టారు వివరించాడు. కాల్చని మట్టి చూడ్డానికి గట్టిగానే ఉంటుంది కానీ బిస్కెట్టు ముక్కతో సమానం. పిడి పట్టుకుని ఎత్తితే పిడి చేతికొస్తుంది, కప్పు అక్కడే ఉంటుంది. అడుగున రెండు అరచేతులూ పెట్టి, కోడిపిల్లను ఎత్తినట్టు ఎత్తాలి. క్యాంపులో చేరిన ప్రతివాళ్ళకీ, సంగీతానికి వచ్చినా బొమ్మలకి వచ్చినా, మొదటి పూట పాఠం ఇదే. వంటవాళ్ళ చేత కూడా ఒక్కో కప్పు చేయించాడట. అది తెలియని మనిషి ఈ ఆవరణలో ఉండడని గర్వంగా అన్నాడు.

"మొదటి పూటకి రాని మనిషైతే?" అంది పిన్ని.

మాస్టారికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. గడియారం చూసుకుని, బట్టీ వెలిగించే వేళయిందన్నాడు. గ్యాస్ బట్టీ, బీరువా అంత ఉంటుంది. వెలిగిస్తే రాత్రంతా మండుతుంది. చల్లారాక పాత్రల్ని పిల్లల ఇళ్ళకు పంపుతారు. ఆయన చెయ్యి గ్యాస్ మీట దగ్గరికి వెళ్ళింది. పిన్ని ఆ చెయ్యి పట్టుకుంది.

"తలుపు తియ్యండి మాస్టారూ."

ససేమిరా తియ్యనన్నాడు. సర్దిన బట్టీ తెరిస్తే అరలు కదులుతాయి, పాత్రలు ఒకదానికొకటి తగులుతాయి, నెల్లాళ్ళ పని మన్నయిపోతుంది. పిల్లలకు ఏం సమాధానం చెప్పాలి? ఈ వాదన సాగుతుండగానే గుమ్మంలో ఇస్త్రీ ప్రత్యక్షమయ్యాడు. వెనకాలే అక్క, ఆవిడ వెనకాల సగం క్యాంపు. క్యాంపులో ఒకచోట నలుగురు గుమిగూడితే అయిదో నిమిషానికి నలభైమంది అవుతారు.

"మేడమ్ ఇప్పుడు కుండలు లెక్కపెడుతున్నారా?" అన్నాడు ఇస్త్రీ. "వెలిగించండి మాస్టారూ. పాపం పిల్లలు ఎదురుచూస్తున్నారు."

పిన్ని అతని వైపు తిరిగింది. "మీకు పిల్లల కుండల మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచండీ?"

"పని ఆగకూడదని."

"ఆగనివ్వండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు అలవాటు లేదు. మాస్టారూ, నిన్న మీరు లోపల పెట్టిన పాత్రలు ఇవాళ కిటికీలో ఉన్నాయి. ఇవి బయటికి వచ్చాయంటే వీటి చోట ఇంకేదో లోపలికి వెళ్ళింది."

మాస్టారు కిటికీ వైపు ఒకసారి, బట్టీ వైపు ఒకసారి చూశాడు. గడియ తీశాడు. తలుపు వెనక అరల మీద పాత్రలన్నీ బుద్ధిగా ఉన్నాయి, అడుగు అర ఒక్కటి తప్ప. అక్కడ అతిథి గదుల్లో వాడే తెల్ల తువ్వాలు చుట్టిన మూట ఉంది. పిన్ని దాన్ని రెండు చేతులతో, మొదటి పూట పాఠం ప్రకారం, బయటికి తీసింది. తువ్వాలు విప్పగానే పిల్లలంతా ఒక్క గొంతుతో నిట్టూర్చారు. బామ్మ ఒంటి మీద గీత కూడా లేదు. అక్క ఈసారి సంతోషంతో ఏడవడం మొదలుపెట్టింది.

ఇస్త్రీ వెంటనే తేరుకున్నాడు. ఆ విషయంలో మెచ్చుకోవాలి. "చెప్పాను కదా, ఆవరణలోనే దాచిందని. తర్వాత తీసుకుపోదామనుకుంది" అన్నాడు.

"బట్టీలో దాచా? సాయంత్రానికి బూడిద కూడా మిగలదు. ఇవాళ వెలిగిస్తారని పిల్లలందరికీ తెలుసు." పిన్ని వయొలిన్ పెట్టడానికి చోటు కోసం చూస్తున్నట్టు బల్ల వైపు తిరిగింది. పిడులు మిగిలిన కప్పులు రెండూ మాస్టారు ఇందాకే జాగ్రత్తగా గట్టు మీంచి అక్కడికి మార్చాడు. "కాస్త ఆ కప్పు పక్కకు జరుపుతారా, దీన్ని ఇక్కడ పెడతాను" అంది.

ఇస్త్రీ విసుగ్గా చెయ్యి చాచి కప్పును పిడి పట్టుకుని ఎత్తాడు.

టప్పుమంది. కప్పు బల్ల మీదే ఉంది, పిడి ఆయన వేళ్ళ మధ్య ఉంది. పొడుగుపిల్ల, అది తన కప్పే కాబట్టి, ఒక్క అడుగు ముందుకు వచ్చి ఆయన మొహంలోకి చూసింది. ఇస్త్రీ చేతిలోని పిడిని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకున్నాడు.

"ఇది నాలుగోది" అంది పిన్ని. "మొదటి మూడూ బల్ల కింద ఉన్నాయి. ఈ క్యాంపులో తొమ్మిదేళ్ళ పిల్ల కూడా చెయ్యని తప్పు ఇది. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళే చెయ్యాలి. వచ్చింది మీరూ, నేనూ. ఆ తారుమారు వేళకి నేను మా ఇంట్లో టీ తాగుతున్నాను."

కప్పు పిడి సాక్ష్యం కాదన్నాడు ఇస్త్రీ. నిజమే కాదని పిన్ని ఒప్పుకుంది. అయితే అతిథి గదిలో ఇప్పుడు తువ్వాలు ఉందో లేదో చూసి రమ్మని అక్కను పంపనా అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి తెలియకుండానే మెడ తుడుచుకుంది. గుమ్మం వైపు చూశాడు. అక్కడ పెద్ద డ్రమ్ములు వాయించే జట్టు నిలబడి ఉంది. వాళ్ళు దారి అడ్డుకోవాలని అనుకోలేదు, డ్రమ్ములతో సహా వచ్చారు కనుక దారి లేదంతే.

పిన్ని తన లెక్క అంతా చెప్పేసింది. విలువైన వస్తువును దొంగ కాల్చడు. కాల్చాడంటే అది విలువైనది కాదని వాడికి తెలుసు. ఇది అసలు బామ్మ కాదు, కొత్త చెక్కతో చేసిన నకలు. ప్రతి ఏడూ కాగితం మీద సంతకం పెట్టే మనిషే అసలుదాన్ని ఎప్పుడో మార్చేశాడు. సాయంత్రం నిపుణుడు చూస్తే గుట్టు రట్టవుతుంది కనుక మంటల పాలు చెయ్యబోయాడు.

"మార్చలేదు మేడమ్." ఇస్త్రీ గొంతు చిన్నదైపోయింది. "ఆ ఒక్క మాట మాత్రం అనకండి."

తర్వాత ఆయన చెప్పింది వింటుంటే అక్కడున్నవాళ్ళకు కోపం కంటే ముందు జాలే వచ్చింది. నాలుగేళ్ళుగా ఆయన బామ్మ పెట్టె తెరవలేదు. ఎక్కడికి పోతుందిలే అని సంతకం చేసేవాడు. ఈ ఏడు అయితే ఇక్కడికి రాకముందే, నెల క్రితమే, అసలుదే అని ఆఫీసులో కూర్చుని రాసిచ్చేశాడు. నిన్న ఈ పిల్ల కొత్త కుర్చీల వాసన అనేసరికి గుండె జారింది. చూస్తే నిజంగానే కొత్తది. ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో తెలియదు. సాయంత్రం నిపుణుడి ముందు తన సంతకం నవ్వులపాలవుతుంది, పాతికేళ్ళ ఉద్యోగం పోతుంది. వయొలినే మాయమైపోతే ఇక ఎవరూ పరీక్షించలేరు అనుకున్నాడు. పిచ్చుక గురించి అడిగితే తల దించుకున్నాడు. చిన్నపిల్ల కదా, పెద్ద శిక్ష ఏం పడుతుందిలే అనుకున్నానన్నాడు. అప్పుడు మాత్రం పిన్నికి ఒళ్ళు మండింది. అరవలేదు, కుర్చీ చూపించి కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు, ప్యాంటు మడత నలగడం కూడా చూసుకోలేదు.

ఇంత గొడవలోనూ, గుంపుతో పాటే వచ్చిన పిచ్చుక ఒక్కతే వయొలిన్ వైపు చూస్తూ ఉంది. కడిగిన ముత్యంలా బయటపడినా మొహంలో వెలుగు లేదు. పిన్ని దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"ఇది బామ్మ కాదా?"

"కాదమ్మా."

"అయితే నెల్లాళ్ళూ అందరూ అంత బావుంది అంత బావుంది అన్నారు. సంగీతం మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. బామ్మ గొంతు అన్నారు." పిల్ల వేలితో వయొలిన్‌ని చూపించింది. "మామూలు వయొలినేనా?"

"మామూలు వయొలినే. అది ఒక్కటే ఉంటే ఎవరూ కళ్ళు తుడుచుకోరు పిచ్చీ. వాయించింది ఎవరు?"

పిచ్చుక అర్థం చేసుకోవడానికి కాస్త సమయం తీసుకుంది. అర్థమయ్యాక, పొద్దుట్నుంచీ ట్యూబా మీద నెట్టేసిన ఏడుపంతా ఒక్కసారే వచ్చేసింది. పిన్ని కూడా చూపు కాసేపు బట్టీ మీదికి తిప్పుకోవలసి వచ్చింది.

అయితే ఎంత చెప్పుకున్నా ఒక ముడి విడలేదు. ఇస్త్రీ మార్చకపోతే మార్చింది ఎవరు? పోయినేడు ట్రంకుపెట్టె వాసన వచ్చిన బామ్మ ఇప్పుడెక్కడుంది? ఈ ఆలోచనలో ఉండగానే గేటు దగ్గర రెండు బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. ముందు దాంట్లోంచి పెద్దావిడ దిగింది. అక్క పొద్దున ఫోన్ చేసి ఏడవడం వల్ల సాయంత్రం దాకా ఆగలేక వచ్చేసింది. పక్కన కళ్ళజోడు పెట్టుకున్న పొడుగాటి మనిషి, వయొలిన్లు తయారుచేసే ఆయన. వెనక బండిలోంచి దిగింది పిచ్చుక నాన్న. పనిలోంచి అలాగే పరిగెత్తుకు వచ్చాడు, చేతులకు గ్రీజు ఉంది. ఎవరినీ చూడకుండా నేరుగా కూతురి దగ్గరికి వెళ్ళి, ఏం జరిగినా ఇంటికి పోదాం పద అన్నాడు.

పిన్ని జరిగిందంతా పెద్దావిడకు చెప్పింది. అసలు బామ్మ పోయిందన్న మాట ఎలా చెప్పాలో తెలియక, చివరిదాకా వాయిదా వేసి చివర్లో చెప్పింది. పెద్దావిడ కంగారుపడలేదు. ఆ పొడుగాటి మనిషి బల్ల దగ్గరికి వెళ్ళి వయొలిన్ ఎత్తి చూశాడు. వేలితో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"బాగానే ఉంది. దెబ్బ తగల్లేదు. పోయిన చలికాలం అంతా కూర్చుని చేశాను దీన్ని" అన్నాడు.

పిల్లలంతా ఒక్కసారిగా ముందుకు జరిగారు.

"అసలు బామ్మ మా ఇంట్లోనే ఉందమ్మా" అంది పెద్దావిడ పిన్నితో. "మెడ దగ్గర చీలిక వచ్చింది. ఇక ఊళ్ళు తిరిగే ఓపిక దానికి లేదు. అందుకని దాన్ని చూసి ఇంకోటి చెయ్యమన్నాను. కొత్తదని చెబితే ఎవరూ చెవులతో వినరు, పేరుతో వింటారు. అందుకే చెప్పలేదు." కుర్చీలో ఒదిగి కూర్చున్న ఇస్త్రీ వైపు చూసింది. "ఈయనకు మాత్రం బాగా చూడమని చెప్పాను. చూస్తే వెంటనే నాకు ఫోన్ చేస్తాడనుకున్నాను."

పిన్నికి తన లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు తెలిసింది. దొంగ దొరికాడు కానీ, అసలు బామ్మను ఎవరూ దొంగిలించనే లేదు. ఇన్నేళ్ళ వృత్తిలో ఇలా తప్పినందుకు ఇంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు. "మరి ఇది ఎవరికని చేయించారు?" అని అడిగింది.

పెద్దావిడ సమాధానం చెప్పకుండా వయొలిన్ తీసుకుని పిచ్చుక ముందుకు వెళ్ళింది. సాయంత్రం వేదిక మీద చెబుదామనుకున్నానని, ఇప్పుడిక దాచి లాభం లేదని అంది. ఈ వయొలిన్ అరువు కాదు. నెల్లాళ్ళూ దీన్ని పలికించిన మనిషిదే, ఇవాళ్టి నుంచి ఎప్పటికీ.

"అంటే మీరు బట్టీలో పెట్టింది ఇన్సూరెన్స్ వస్తువు కాదన్నమాట" అంది పిన్ని ఇస్త్రీతో. "ఈ పిల్ల వయొలిన్."

పిచ్చుక నాన్న ఒకసారి కూతుర్నీ, ఒకసారి ఆ వయొలిన్‌నీ చూశాడు. గ్రీజు అంటుతుందేమోనని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వచ్చేటప్పుడు దారంతా అనుకుంటూ వచ్చిన మాటే అన్నాడు. సామాను సర్దుకున్నావా అమ్మా అని.

పిచ్చుక వయొలిన్‌ని దవడ కింద ఆన్చుకుంది.

"ఇప్పుడే కాదు నాన్నా" అంది. "సాయంత్రం దాకా ఉండు. ముందు వరసలో కూర్చో."